పడకపుండ్ల పరిశోధన: సేవ చేసేవారిని కూడా అడగాలి



పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగిన వృద్ధులు, వెన్నుపాము దెబ్బతిన్నవారు మంచం పట్టినప్పుడు చాలామందిని పీడించేది పడకపుండు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం ఎక్కువసేపు నలిగితే అక్కడికి రక్తం అందదు. కండ చచ్చి పుండు పడుతుంది. నడుము కింది భాగం, తుంటి, మడమ దీనికి ముఖ్యమైన చోట్లు. నివారణకు వైద్యులం సాధారణంగా చెప్పే మాట "రెండు గంటలకొకసారి పక్క మార్చండి" అన్నదే.

ఏర్పేడు దగ్గరి పల్లెకు చెందిన ఒక కోడలు ఈ సలహా విని నన్నిలా అడిగింది: "మా అత్త నాకంటే బరువు సార్. పగలంతా కూలికి పోయొచ్చి, రాత్రి ఒక్కదాన్నే ఎట్ల తిప్పేది? ఎన్నిసార్లు లేచేది?" ఆ ప్రశ్నకు నేను చదివిన పుస్తకాలలో జవాబు లేదు.

నిజానికి అది మంచి పరిశోధనాంశం. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా వృద్ధుల సంరక్షణాలయాలలో రెండు, మూడు, నాలుగు గంటలకొకసారి పక్క మార్చడాన్ని పోల్చి చూశారు. పుండ్లు పడటంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వారందరూ పడుకున్నది దట్టమైన ఫోమ్ పరుపులపైన. ఆ ఫలితాన్ని మన నవారు మంచానికీ దూది పరుపుకూ వర్తింపజేయలేము. కాబట్టి మీ ఇంట్లో వైద్యుడు చెప్పిన వ్యవధిని మీ అంతట మీరు పెంచకండి.

పరిశోధన ఏ ప్రశ్నతో మొదలవ్వాలో ఎవరు నిర్ణయించాలి? బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతిలో రోగులు, వారిని చూసుకునేవారు, వైద్య సిబ్బంది కలిసి కూర్చొని, పడకపుండ్ల విషయంలో ముందుగా పరిశోధించవలసిన ప్రశ్నలను 2013లో ఎంపిక చేశారు. పక్క మార్చడం ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్నకు అందులో పెద్దపీట వేశారు. కుటుంబసభ్యులను సంరక్షణలో భాగస్వాములను చేస్తే పుండ్లు తగ్గుతాయా అన్నదీ ముఖ్యాంశాలలో చేరింది.

రోగి అనుభవం వైద్యానికి దారి చూపిన ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. వేలూరు సి.ఎం.సి. వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అక్కడ 1966లో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి సారథి ఆమే.

నేడు ఐఐటీ, ఐజర్ ప్రాంగణాలు మన ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. రేపు ఏ యువ ఇంజనీరైనా చౌకైన పరుపును తయారు చేయదలిస్తే, ముందుగా ఇటువంటి కోడళ్లను అడగాలని నా కోరిక. కరెంటు పోతే గాలి పరుపు ఏమవుతుంది? ఒక్కరే తిప్పగలరా? తడిస్తే ఎలా ఉతకాలి? ఇవి పరికరం పూర్తయ్యాక అడిగే ప్రశ్నలు కావు.

మీరూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ వేళకు ఎటు తిప్పారు, చర్మం ఎలా ఉంది, ఏది కష్టమైంది అన్నవి రాయండి. నల్లని మేనిపై ఎరుపు స్పష్టంగా కనిపించదు. వేడిగా, గట్టిగా, నొప్పిగా ఉందేమో తాకి చూడండి. అటువంటి చోట మర్దన చేయకండి, అక్కడ బరువు పడకుండా చూసి వెంటనే వైద్యునికి చూపించండి.

ఎవరైనా పరిశోధనకు పిలిస్తే వివరాలన్నీ అడిగి తెలుసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం చేరడమూ మానుకోవడమూ మీ ఇష్టం. వద్దన్నందుకు మీ చికిత్స ఆగకూడదు. చేరితే మాత్రం మీ నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి, అందులోని కష్టాలను సంకోచించకుండా వారి ముందుంచండి.