పసుపు, మిరపఘాటు, ఒక మైక్రోస్కోపు

ఈసీఈ వాళ్ళకి మైక్రోస్కోపుతో పనేంటి అని మీరు అడగొచ్చు. నిజమే, మా ల్యాబుల్లో ఆసిలోస్కోపు తప్ప వేరే స్కోపు కనబడదు. కిందటేడు బయోటెక్ వాళ్ళతో కలిసి చేసిన ఒక మినీ ప్రాజెక్టు పుణ్యమా అని ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు ముందు కూర్చునే అవకాశం వచ్చింది. దాని గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. అందుకు కారణం ప్రాజెక్టు మార్కులు మాత్రం కాదు.

ముందు ఆ మెరుపు సంగతి. కృష్ణా కెనాల్ జంక్షన్‌లో తెనాలి వైపు రైలెక్కితే దారిలో దుగ్గిరాల వస్తుంది. పసుపు మార్కెట్‌కి పేరున్న ఊరు. ఆ పసుపు చిటికెడు తీసుకుని స్పిరిట్‌లో కలిపి, చీకట్లో పెట్టి, దొంగనోట్లు పట్టుకునే యూవీ టార్చి వేసి చూడండి (టార్చి వంక మాత్రం నేరుగా చూడకండి). ఆ ద్రావణం ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో వెలుగుతుంది. పసుపులో ఉన్న కుర్కుమిన్ చేసే పని అది. ఎక్కువ శక్తి ఉన్న కాంతిని మింగి, అందులో కొంత వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని తక్కువ శక్తి ఉన్న కాంతిగా బయటికి వదులుతుంది. అందుకే లోపలికి వెళ్ళిన రంగు ఒకటి, బయటికి వచ్చే రంగు ఇంకొకటి. 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఈ తేడాని వివరించాడు. ఆయన వాడింది క్వినైన్ ద్రావణం. మన ఊళ్ళో పుట్టి ఉంటే పసుపుతోనే కానిచ్చేవాడేమో!

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు మొత్తం ఈ రంగుల తేడా మీదే నడుస్తుంది. మామూలు మైక్రోస్కోపులో వెలుగు కింద నుంచి స్లైడులోంచి దూసుకొచ్చి కంటికి చేరుతుంది. ఇందులో అలా కాదు. ల్యాంపు నుంచి వచ్చిన వెలుగులో కావలసిన రంగుని మాత్రం ఒక ఫిల్టరు వదులుతుంది. డైక్రోయిక్ మిర్రర్ అనే అద్దం దాన్ని ఆబ్జెక్టివ్ గుండా స్లైడు మీదికి తిప్పుతుంది. స్లైడులో మెరిసే పదార్థం ఇచ్చిన వెలుగు అదే ఆబ్జెక్టివ్‌లోంచి వెనక్కి వస్తుంది. అద్దం ఈసారి దాన్ని ఆపకుండా పైకి పోనిస్తుంది. ఇంకా మిగిలిన అసలు వెలుగుని రెండో ఫిల్టరు ఆపేస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇది సిగ్నల్ టు నాయిస్ రేషియో కథ. బ్యాక్‌గ్రౌండ్‌ని నల్లగా చేసేస్తే ఎంత చిన్న సిగ్నలైనా కనబడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ. ముప్పై ఏళ్ళుగా టిక్కీలు మోస్తున్నాడు. ఆ యార్డు పక్క నుంచి బస్సులో వెళ్ళినా తుమ్ములొస్తాయి, ఇక లోపల పనిచేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆయనకి దగ్గు మొదలైనప్పుడు, "ఘాటురా అబ్బాయ్, సీజనైపోతే అదే పోద్ది" అన్నాడు. సీజనైపోయింది, దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. చొక్కాలు వదులయ్యాయి. చివరికి మా అమ్మే పట్టుబట్టింది. "బావగారూ, ఘాటైతే మందుబిళ్ళకన్నా తగ్గాలి కదా, ఒక్కసారి పరీక్ష చేయించుకోండి" అని.

ప్రభుత్వాసుపత్రిలో చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున్న లేవగానే వచ్చిన కళ్ళె తెమ్మన్నారు. నేనే తీసుకెళ్ళాను. ల్యాబ్ టెక్నీషియన్ గారి బల్ల మీద నాకు తెలిసిన మిషనే ఉంది. అడిగితే, సరిచూసుకోవడానికి ఉంచుకున్న పాజిటివ్ స్లైడు ఒకటి చూపించారు. నల్లటి ఆకాశంలో సన్నటి పచ్చని గీతలు. ఆరమిన్ అనే రంగు క్షయ బాక్టీరియా గోడలోని మైనం లాంటి పదార్థాన్ని పట్టుకుని, యాసిడ్‌తో కడిగినా వదలదు. నీలి వెలుగు వేస్తే మెరుస్తుంది.

"పాత పద్ధతిలో అయితే నూనె చుక్క వేసి, వెయ్యి రెట్లు పెంచి, నీలం మధ్యలో ఎర్ర పుల్లల కోసం వెతికేవాళ్ళం బాబూ. మెడలు పడిపోయేవి" అన్నారాయన. ఇందులో 400 రెట్లు చాలు. లెక్క వేస్తే ఒక్కో చూపులో ఆరు రెట్లకి పైగా ఎక్కువ జాగా కనబడుతుంది. ఎక్కువ స్లైడులు చూడొచ్చు, తక్కువ బాక్టీరియా ఉన్నా దొరుకుతుంది.

ఈ సాయం చిన్న ఆసుపత్రుల దాకా రావడానికి కారణం మన ఎలక్ట్రానిక్స్ అని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పాత మెర్క్యురీ ల్యాంపు కొన్ని వందల గంటలకే అయిపోయేది. వేడెక్కేదాకా ఆగాలి, ఆర్పితే చల్లారేదాకా ఆగాలి, పగిలితే పాదరసం. ఎల్ఈడీ వచ్చాక స్విచ్ వేస్తే వెలుగు, వేల గంటల ఆయుష్షు, కరెంటు పోతే బ్యాటరీ మీదా నడుస్తుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయ పరీక్షకి ఈ ఎల్ఈడీ పద్ధతినే సిఫారసు చేసింది. కాలేజీకి కొనేవాళ్ళు కూడా కెమెరా మెగాపిక్సెల్స్ కన్నా ముందు చూడాల్సింది ఇదే: ఎల్ఈడీ ఉందా, మనం వాడే రంగుకి ఫిల్టర్లు సరిపోతాయా, ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్ ఎంత అని. ఇంకో సంగతి, వెలుగు ఎక్కువసేపు పడితే రంగు వెలిసిపోతుంది. స్లైడుని చీకటి పెట్టెలో దాచాలి.

పెదనాన్న స్లైడు పాజిటివ్ వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మందులు ఆరు నెలలు, ఒక్కరోజు కూడా మానకూడదన్నారు. పెద్దమ్మ క్యాలెండర్ మీద రోజూ టిక్కు పెట్టేది. ఇప్పుడు జన్యువుని గుర్తుపట్టే పరీక్షలు వచ్చాయి, కనిపెట్టడంలో అవే ముందు. కానీ చచ్చిన బాక్టీరియా జన్యువు కూడా వాటికి దొరికిపోతుంది కాబట్టి, మందు పనిచేస్తోందా లేదా అని చూడటానికి మైక్రోస్కోపు ఇంకా కావాలి.

రెండు నెలలు నిండాక మళ్ళీ డబ్బా పట్టుకెళ్ళాను. టెక్నీషియన్ గారు చాలాసేపు స్లైడుని అటూ ఇటూ జరుపుతూ చూశారు. ఏమీ కనబడలేదు. అంతా నలుపే. రిపోర్టులో నెగెటివ్ అని రాసిచ్చారు. ల్యాబులో ఏమీ కనబడకపోతే సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

పెదనాన్న కోర్సు పూర్తి చేశాడు. ఇప్పుడు టిక్కీలు మోయడం మానేసి కాటా దగ్గర కూర్చుంటున్నాడు. మీ ఇంట్లో పత్తి జిన్నింగులోనో, మిర్చి కల్లంలోనో పనిచేసేవాళ్ళెవరైనా ఉంటే, దగ్గు రెండు వారాలు దాటితే దుమ్మనో ఘాటనో వదిలేయనివ్వకండి. ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే.