సప్పుడు

ఏప్రిల్ 14కి రెండు నెలల ముందునుంచే మా పేట కుర్రాళ్ళు చందాలు పోగేస్తారు. పరవాడ ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు లేబరు, తాపీ మేస్త్రి దగ్గర మాలు కలిపేవాడు, అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కలాసీ, తలా ఇంత వేస్తారు. అందులో సగానికి పైగా డీజేకే పోతుంది. వ్యాను మీద మనిషెత్తు బేస్ బాక్సులు, వెనక జనరేటరు, తిరిగే లైట్లు, లాప్‌టాప్ ముందు మా పెదనాన్న మనవడు. పాటలో మాట వినపడదు. దెబ్బ ఒక్కటే. అది చెవికి కాదు, రొమ్ముకి తగుల్తుంది.

మా స్టాఫ్‌రూములో ఈ సంగతొస్తే "అంబేడ్కర్ చదువుకోమన్నాడు గానీ గెంతమన్నాడా మేస్టారూ?" అంటారు. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్ళేదీ ఇదే వ్యానుతో, ఇదే దెబ్బతో. అప్పుడది భక్తి! వాళ్ళ సంగతలా ఉంచుదాం. సభలు పెట్టే మన అన్నలు కూడా "డప్పు మన సంస్కృతి, డీజే మార్కెట్ సంస్కృతి" అంటున్నారు. ఈ మాటకి మాత్రం నేను జవాబు చెప్పాలి. ఎందుకంటే నేను డప్పు ఇంట్లో పుట్టాను.

ఊళ్ళో ఎవరు చచ్చినా కబురు ముందు మా గుమ్మానికే వచ్చేది. మా అయ్య తాటాకు మంట మీద డప్పు కాచి, చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని బయల్దేరేవాడు. జ్వరమంటే కుదరదు. శవం ముందు నడవాలి. పెళ్ళి ఊరేగింపు ముందు నడవాలి, పందిట్లోకి మాత్రం రాకూడదు. ఆ దెబ్బకి ఊరంతా ఊగిపోయేది. కొట్టే మనిషి ఊగితే "ఏరా, తాగేవా?" అనేవారు. గెంతేది వాళ్ళు, కొట్టేది మేం. ఆ డప్పుకి మా అమ్మ ఒక్కనాడూ కాలు కదపలేదు.

నేను డిగ్రీ, బీఈడీ అయి, 2018 డీఎస్సీలో మేస్టర్నయ్యాక ఒక సంఘం వాళ్ళు ఇంటికొచ్చారు. సభలో డప్పు కొట్టమని మా అయ్యని అడిగారు. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి అన్నాడు: "సావుకి కొట్టీసినాను, పెళ్ళికి కొట్టీసినాను. నా కోసం నానెప్పుడూ కొట్టుకోనేదు. ఇప్పుడు మీ కోసమా బావూ?"

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఊరూరా మోగిన డప్పు వేరే డప్పని నాకు తెలుసు. దానికి దండం పెడతాను. కానీ మా అయ్య భుజం మీదున్న కాయకి ఆ గౌరవం చాలా ఆలస్యంగా చేరింది. డీజే వచ్చాక డప్పు బృందాలకి పెళ్ళి పిలుపులు తగ్గాయి, అదీ నిజమే. ప్రభుత్వం డప్పు కళాకారులకి 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయల పింఛనిస్తోంది. అది కడుపు సంగతి. నేను మాట్లాడేది కాళ్ళ సంగతి.

ఈ మిషను దెబ్బ పుట్టిన చోటు చూడండి. అమెరికాలో షికాగో. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరిచారు. రికార్డులు వేసేవాడు ఫ్రాంకీ నకుల్స్, నల్లవాడు. వచ్చేవాళ్ళు ఎక్కువమంది నల్లవాళ్ళు, లాటినోలు, మగవాణ్ణి ప్రేమించే మగవాళ్ళు. బయట ఎక్కడా చోటు లేనివాళ్ళు. 'హౌస్' సంగీతమనే పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు. ఆ నగరంలోనే 1979 జూలై 12న బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పోగేసి పేల్చేశారు. పేలిస్తే ఆగిందా? రోలాండ్ అనే జపాను కంపెనీ 1980లో, 1983లో తెచ్చిన 808, 909 డ్రమ్ము మిషన్లు మార్కెట్లో ఆడక సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరికాయి. బ్యాండుని పెట్టుకునే తాహతు లేని కుర్రాళ్ళు వాటితోనే నిమిషానికి 120 దెబ్బల పైచిలుకు కొత్త సంగీతం చేశారు. వాళ్ళ బాధా మన బాధా ఒకటేనని నేననను. అంటరానితనం వేరు. కానీ చీకట్లో ఒకే దెబ్బకి వందమంది కాళ్ళు పడుతున్నప్పుడు ఇంటిపేరు అడిగేవాడు ఉండడు. అది వాళ్ళకీ తెలుసు, మా పేటకీ తెలుసు.

రాత్రి 10 దాటితే మైకు కట్టెయ్యాలని 2000 నాటి నిబంధనలున్నాయి. ముసలాళ్ళకి, పసిపిల్లలకి ఆ మోత ప్రమాదమే. కట్టేద్దాం, అందరం కట్టేద్దాం. మాకు మాత్రం సాయంత్రం ఆరింటికే "చెరువుగట్టు మీంచి పొండి, పెద్దవీధి వద్దు" అంటున్నారే, అది ఏ నిబంధన?

కిందటేడు కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. బాబాసాహెబ్ ఫొటోతో వ్యాను పెద్దవీధిలోకే తిరిగింది. మా నాయనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధి అది. మా అప్ప, ముగ్గురు పిల్లల తల్లి, ఆ వీధి నడిమధ్యన కొంగు బిగించి గెంతింది.

మా అయ్య బాక్సుల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, లాప్‌టాప్ కుర్రాణ్ణి అడిగాడు: "దీన్ని ఎవుడు కాస్తాడ్రా?"

"కాయక్కర్నేదు తాతా. కరెంటు."

"మరి కొట్టీవోడు?"

"ఎవుడూ నేడు."

"ఐతే అందరం గెంతొచ్చన్నమాట" అని, భుజమ్మీది తుండు తీసి నడుముకి చుట్టాడు.