అమ్మ షుగరు, నా సున్నాలు

పిల్లలు స్కూలుకి వెళ్ళాక మస్కట్‌లో నాకు దొరికే రెండు గంటల్లో ఈమధ్య పైథాన్ నేర్చుకుంటున్నాను. బీఎస్సీ అయి పదమూడేళ్ళు దాటింది. ఉత్తి పాఠాలు బోర్ కొట్టి, అమ్మ షుగర్ లెక్కలు ముందేసుకున్నాను.

అమ్మ పరగడుపున మీటర్‌లో చూసుకుని వాట్సాప్‌లో అంకె పెడుతుంది. ఇండియా మనకంటే గంటన్నర ముందు కదా, నేను లేచేసరికే వచ్చి ఉంటుంది. రాని రోజు ఏదో పనిలో ఉందిలే అనుకునేదాన్ని. షీట్‌లో వేస్తే తెలిసింది, 30 రోజులకి 20 అంకెలే ఉన్నాయని.

విలువ లేని ఇలాంటి ఖాళీనే ప్రోగ్రామింగ్‌లో నల్ అంటారు. అవి ఉంటే ఎక్కడ ఎర్రర్ వస్తుందోనని, ఒక్క లైనుతో ఖాళీలన్నిటికీ సున్నా డిఫాల్ట్‌గా ఇచ్చేశాను. సగటు 110 వచ్చింది. "అమ్మ షుగర్ కంట్రోల్‌లోనే ఉందిరా" అని తమ్ముడికి మెసేజ్ పెట్టేశాను కూడా.

రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది. షుగర్ సున్నా ఉంటే మనిషి బతుకుతుందా? సున్నా అంటే కొలిస్తే వచ్చిన విలువ. నల్ అంటే అసలు కొలవనే లేదు. డబ్బాలో బియ్యం అయిపోవడం వేరు, మూత తీసి చూడకపోవడం వేరు. ఆ లైను తీసేసి మళ్ళీ నడిపాను. పాండాస్ ఖాళీలను పక్కనపెట్టి, ఉన్న 20 అంకెలకే సగటు కట్టింది: 165.

1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రెఫరెన్స్ ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో అది తను చేసిన బిలియన్ డాలర్ల పొరపాటని ఒప్పుకున్నారు. దానివల్ల అన్ని ప్రోగ్రాములు క్రాష్ అయ్యాయి మరి. నాది క్రాష్ కాలేదు. అయ్యుంటేనే నయం, తప్పు అప్పుడే తెలిసేది.

డిఫాల్ట్ ఇవ్వడమే తప్పని కాదు. ఇక్కడి ఫోన్ నంబరుకి దేశం కోడ్ లేకపోతే 968 అనుకోవచ్చు. ఒంట్లో సంగతి అలా అనుకోకూడదు.

తెల్లారగానే ఫోన్ చేశాను. "ఆ పది రోజులూ ఎందుకు చూసుకోలేదమ్మా?"

"స్ట్రిప్పులు అయిపోయాయే. మాటిమాటికీ తమ్ముణ్ణి ఏం అడుగుతాంలే అని..."

"మరి ఎలా ఉన్నావంటే బాగున్నానన్నావు?"

"నువ్వు మాత్రం? జ్వరంతో పడుకునీ బాగున్నానే అంటావుగా!"

నోరు మెదపలేకపోయాను. ఇద్దరికీ అదే డిఫాల్ట్.

తమ్ముడికి అసలు అంకె పంపాను, స్ట్రిప్పులు వచ్చాయి, డాక్టరు మందు మార్చారు. షీట్‌లో ఆ పది గడులూ ఖాళీగానే ఉంచాను. ఇప్పుడు అంకె రాకపోతే సున్నా వేయను, ఫోన్ చేస్తాను.