నిర్మల్‌లో ఆగి చూడండి!

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే జాతీయ రహదారిలో సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది నిర్మల్. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016లో జిల్లా కేంద్రమైంది. చాలామంది ఇక్కడ టీ తాగి సాగిపోతారు. కాస్త తీరిక చేసుకుంటే కాలానికో వేడుక చూడొచ్చు.

వానాకాలమైతే మహబూబ్ ఘాట్ మలుపులు దాటి నేరడిగొండ వైపు వెళ్లాలి. అక్కడికి దగ్గర్లోని కుంతాలలో కడెం నది దాదాపు 150 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పొచ్చెర జలపాతం అంత ఎత్తు లేకున్నా హోరుకు తక్కువేం లేదు. అయితే దూరం నుంచి చూసి ఆనందించాల్సిందే. కుంతాలలో పాచిపట్టిన బండలూ, లోతు తెలియని గుండాలూ ఎందరి ప్రాణాలో తీశాయి. చలికాలంలో పుష్య అమావాస్యకు వస్తే కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర చూడొచ్చు.

నిర్మల్ కొయ్యబొమ్మలకు మాత్రం కాలంతో పనిలేదు. తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులద్దుతారు. ఆ పొణికి చెట్లే అడవిలో తగ్గిపోతున్నాయి.

జలపాతానికి వాన కావాలి, బొమ్మకు చెట్టు కావాలి. రెండింటికీ అడవే ఆధారం!