బకెట్టు మీద పూలు

మా బామ్మగారింట్లో నూతి గట్టు మీద ఒక జింకు బకెట్టు ఉండేది. దాని ఒంటి నిండా పూలు. ఎవరో గీసిన పూలు కావు. ఒకటి వెండిలా మెరిసేది, పక్కది బూడిద రంగులో ఉండేది. బకెట్టు కాస్త తిప్పితే మెరిసేది మసకబారి, మసకది మెరిసేది. రంగు వేసి ఉంటారనుకుని ఓ మధ్యాహ్నం మేకుతో గీకి చూశాను. పూలు పోలేదు గానీ వీపు మీద బామ్మ చెయ్యి పడింది.

మీరూ చూసే ఉంటారు, పాత కొట్ల షట్టర్ల మీదో, బియ్యం డబ్బాల మీదో. 450 డిగ్రీల దగ్గర కాగుతున్న జింకులో ఇనుప రేకును ముంచి తీస్తే, అంటుకున్న పొర చల్లారి గడ్డకడుతూ పూస్తుంది. ఒక్కో పువ్వు ఒక్కో స్ఫటికం. పాత రోజుల్లో జింకు తొట్టిలో కాస్త సీసం ఉండేది, అది పూలను పెద్దవి చేసేది. ఇప్పుడు సీసం తగ్గించేశారు. ఆరోగ్యానికి మంచిదే. కానీ కొత్త రేకులు చూస్తే నాకు బోడిగా కనిపిస్తాయి.

స్ఫటికం అనగానే మనకు పటికబెల్లం గుర్తొస్తుంది, కళ్ళుప్పు గుర్తొస్తుంది. కోణాలుండాలి, కొడితే పగలాలి. గరిటె స్ఫటికం అంటే ఎవరు నమ్ముతారు? అయినా నిజం అదే. గరిటె, తాళంచెవి, మెడలో గొలుసు, రైలు పట్టా, అన్నీ స్ఫటికాల ముద్దలే.

సంక్రాంతి ముగ్గు వేసిన వాళ్ళకు దీని సంగతి సగం తెలిసినట్టే. ముగ్గుకు ముందు చుక్కలు పెడతాం కదా. సరి చుక్కయితే ఒకదాని కింద ఒకటి, సందు చుక్కయితే రెండు చుక్కల నడుమ కిందికి ఒకటి. లోహంలో చుక్క అంటే పరమాణువు. రాగిలో పక్కపక్క చుక్కల ఎడం ఎంతో తెలుసా? ఒక మిల్లీమీటరు పొడుగున సుమారు 39 లక్షల చుక్కలు పడతాయి.

ఇప్పుడు ఒకే వాకిట్లో పదిమంది ఆడపిల్లలు, ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, తలో మూల నుంచీ చుక్కలు పెట్టడం మొదలెట్టారనుకోండి. ఎవరి వరసలు వాళ్ళకు చక్కగానే ఉంటాయి. ఇద్దరి చుక్కలు ఎదురుపడిన చోట మాత్రం పొసగవు, వంకరగా ఒక హద్దు మిగులుతుంది. కరిగిన లోహం గడ్డకట్టడమూ అంతే. వేల చోట్ల ఒక్కసారే మొదలై, పెరిగి పెరిగి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అందుకే పటికబెల్లానికున్న కోణాలు వీటికి దక్కవు. ఇలా పెరిగిన ఒక్కొక్క ముక్కను లోహాల వాళ్ళు గ్రెయిన్ అంటారు, మనం గింజ అనుకుందాం. బకెట్టు మీద గింజలు కంటికి కనిపించేంత పెద్దవి. మామూలు ఇనుములో మిల్లీమీటరులో పదోవంతు, వందోవంతు. షెఫీల్డులో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అనే పెద్దమనిషి 1860ల్లో ఉక్కును అద్దంలా నునుపు చేసి, ఆమ్లంతో కాస్త తినిపించి, మైక్రోస్కోపు కింద పెట్టేదాకా వాటిని ఎవరూ సరిగా చూడలేదు.

అసలు చుక్కలున్నాయని ఎలా తెలిసిందంటారా? 1912లో మ్యూనిక్‌లో లావె అనే ఆయన చెప్పిన ఉపాయం ప్రకారం ఒక స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపారు. ఫొటో పలక మీద మచ్చలు వరసగా పడ్డాయి. ఆ మొదటి ప్రయోగానికి వాడింది ఏమిటనుకున్నారు? మన రైతులు తెగుళ్ళకు కలిపి కొట్టే మైలుతుత్తం! ఆ మచ్చల నుంచి లోపలి అమరిక లెక్కగట్టడం బ్రాగ్ తండ్రీకొడుకులు నేర్పారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చేనాటికి కొడుక్కి పాతికేళ్ళు.

రాగిలో చుక్కల అమరిక చూడాలంటే ఎక్స్ కిరణాలు అక్కర్లేదు, బత్తాయి బండి చాలు. బండివాడు కింద వరస ఒత్తుగా పేరుస్తాడు. రెండో వరస కాయలు కింది గుంటల్లో కూర్చుంటాయి. చిక్కంతా మూడో వరస దగ్గర. అది సరిగ్గా మొదటి వరస నెత్తిన రావచ్చు, లేదా ఇంకా నిండకుండా మిగిలిన గుంటల మీదికి రావచ్చు. ఎలా పేర్చినా చోటులో నూటికి 74 పాళ్ళు నిండుతుంది. అంతకన్నా ఒత్తుగా పేర్చలేమని 1611లో కెప్లర్ అన్నాడు. 1998లో హేల్స్ అనే గణితవేత్త రుజువు చూపాడు, అందులో తప్పులేదని కంప్యూటరుతో సరిచూసేసరికి 2014 అయింది. బండివాడు ఈలోగా ఎన్ని వేల బత్తాయిలు అమ్ముకున్నాడో!

ఆ మూడో వరస తేడా చిన్నదని తీసిపారేయకండి. మొదటి పద్ధతి జింకుది, రెండోది రాగి, వెండి, బంగారాలది. రెండో పద్ధతిలో పేరిస్తే ఒత్తైన వరసలు నాలుగు వాలుల్లో ఉంటాయి, ఏ వైపు నెట్టినా ఏదో ఒక వరస జారడానికి ఒప్పుకుంటుంది. జింకులో ఒత్తైన వరసలు ఒక్క వాలులోనే ఉంటాయి. అందుకే బంగారం చెప్పినట్టు వింటుంది, చల్లటి జింకు దిమ్మ సుత్తి దెబ్బకు విరుగుతుంది.

మా వీధి చివర బంగారప్పని చేసే ఆచారిగారు ఒకరున్నారు. కమ్మచ్చు ఇంకా గోడకు వేలాడేది ఆయన కొట్లోనే. ఉక్కు పలకకు వరసగా బెజ్జాలు, ఒకదానికన్నా ఒకటి సన్నం. తీగ కొన సానబట్టి బెజ్జంలో దూర్చి, పటకారుతో పట్టి, కాలు తన్నిపెట్టి లాగుతారు. నాలుగైదు బెజ్జాలు దాటాక ఆగిపోయి తీగను కుంపటి మీద పెట్టారు.

"అదేంటండీ, బాగానే వస్తోందిగా?" అన్నాను.

"బిరుసెక్కింది మాస్టారూ. ఇంకో బెజ్జం లాగితే పుటుక్కుమంటుంది."

ఈ బిరుసెక్కడం ఏమిటో మీరూ ఇంట్లో చూడొచ్చు. కరెంటు వైరు ఒలిచి లావుపాటి రాగి తీగ ఒకటి తీసి వంచండి, తేలిగ్గా వంగుతుంది. అదే చోట తిన్నగా చేయబోండి, మొరాయిస్తుంది. తీగ అదే, రాగి అదే. మరి మారిందేమిటి?

1926లో ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త ఒక లెక్క వేశాడు. వరసకు వరస మొత్తం ఒక్కసారే జరగాలంటే ఎంత బలం కావాలని. వచ్చిన జవాబు నిజం లోహానికి చాలే బలానికి వేల రెట్లు. లెక్క తప్పలేదు. తప్పింది వరస మొత్తం ఒక్కసారే జరుగుతుందన్న ఊహ. పెళ్ళి పందిట్లో పెద్ద జంపఖానాను ఒక మూల పట్టి లాగితే కదలదు. ఒక అంచున ముడత లేపి, ఆ ముడతను కాలితో తోసుకుంటూ పోతే, అది అవతలి అంచు చేరేసరికి జంపఖానా మొత్తం అంత మేర జరిగి ఉంటుంది. లోహంలో ముడతంటే, ముగ్గులో ఒక చుక్కల వరస సగం దాకా వచ్చి ఆగిపోవడం లాంటిది. టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ముగ్గురూ విడివిడిగా 1934లో ఈ మాటే చెప్పారు. కంటితో చూడ్డానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావలసొచ్చింది. 1956లో కేంబ్రిడ్జిలో అల్యూమినియం రేకులో ఆ ముడతలు కదులుతుంటే చూశారు.

లోహం వంగేది ఈ తప్పిన వరసల పుణ్యమే. తమాషా ఏమిటంటే, వంచేకొద్దీ ఇవి పుట్టుకొస్తాయి. కుంపటి మీద మెత్తబడిన తీగలో ఒక చదరపు సెంటీమీటరు దాటే ముడతలు పది లక్షలో, కోటో ఉంటాయనుకుంటే, బాగా లాగిన తీగలో లక్ష కోట్లకు చేరతాయి. అన్ని ముడతలు ఒకదానికొకటి అడ్డుపడి, తల దువ్వుకోని పిల్ల జుట్టులా చిక్కుపడతాయి. ఇంక ఏదీ కదలదు. అదే ఆచారిగారి బిరుసు.

కుంపటి సెగ తగిలేసరికి పరమాణువులకు కదిలే వీలొస్తుంది. చిక్కుబడ్డ గింజల మధ్య కొత్త గింజలు మొలుస్తాయి, శుభ్రంగా, చిక్కుల్లేకుండా. పాతవాటిని తినేస్తాయి. తీగ కరగనే లేదు, అయినా లోపల కొత్త కాపురం. కమిలి నల్లబడ్డ తీగను ఆచారిగారు చింతపండు నీళ్ళలో వేసి తీసి, మళ్ళీ కమ్మచ్చుకు పట్టించారు.

కమ్మరి కొలిమిలో జరిగేది ఇంకో కథ. ఇనుము 912 డిగ్రీలు దాటగానే చుక్కల అమరికే మార్చేస్తుంది, బత్తాయిల రెండో పద్ధతికి వస్తుంది. ఆ అమరికలో బొగ్గు పరమాణువులకు చోటెక్కువ. ఎర్రటి కొడవలిని నీళ్ళలో ముంచితే చుయ్యిమంటుంది, వెనక్కి మారే తొందరలో బొగ్గు బయటికి పోలేక ఇరుక్కుపోతుంది. కొడవలి అంచుకు గట్టిదనం అక్కడిదే. దీని గురించి ఇంకోసారి తీరిగ్గా చెప్పుకుందాం.

ఒకరోజు ఆచారిగారికి ఒక సంగతి చెప్పాను. మన హైదరాబాదులోనే, కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ అనే లోహాల పరిశోధనశాలలో, హెలికాప్టరు ఇంజన్లకు బ్లేడ్లు పోత పోశారు, 2021లో 60 తయారుచేసి ఇచ్చారు, ఒక్కో బ్లేడు మొత్తానికి ఒకటే గింజ అని. ఇంజను సెగకు గింజల హద్దులు జారిపోతాయి. హద్దే లేకపోతే జారేదేముంది? ఇలాంటి బ్లేడ్లు పోసేటప్పుడు అచ్చు అడుగున పంది తోకలా మెలి తిరిగిన సన్నటి దారి పెట్టడం వాడుక. అడుగున వంద గింజలు మొలిచినా ఆ మెలికల్లో తోసుకుని పైకొచ్చేది ఒక్కటే, బ్లేడంతా అదే నిండుతుంది.

ఆయన విని, "అంటే గింజ పెద్దదైతే మంచిదంటారా?" అన్నారు.

"ఆ సెగలో మంచిదేనండి."

ఆయన నవ్వి, సొరుగులోంచి గాజు కోసం సాగదీసిన చిన్న రేకు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. కుర్రాడు కుంపటి మీద పెట్టి ఫోను మాట్లాడుతూ మరిచిపోయాడట. వంచిన చోట బంగారం నునుపు పోయి, బుడిపెలు బుడిపెలుగా, వేలికి గరుగ్గా తగులుతోంది. సెగ ఎక్కువసేపు తిని గింజలు బలిసిపోయాయి, వంచగానే ఒక్కొక్కటి తన దారిన తాను లేచింది.

"బత్తాయి తొక్కంటాం మేము దీన్ని," అన్నారు ఆచారిగారు. రేకు తీసుకుని మూసలో పడేసి, ఊదుగొట్టం అందుకున్నారు.