గుండ్లకమ్మ నుంచి గుంటూరు బెంచీ దాకా

మన గుంటూరు వైపు ఎవరన్నా చర్చి మారారని తెలిస్తే జనం ముందుగా అడిగేది ఒకటే: "ఎవరితో గొడవైంది?" నన్నూ అడిగారు. గొడవైన మాట నిజమే. ఎన్నికలు, కమిటీ, స్థలం కాగితాలు. పాత సంఘాల్లో తిరిగినవాళ్ళకి ఈ మూడు మాటలు చాలు, మిగతా కథ వాళ్ళే అల్లుకుంటారు. ఆ మూట ఇక్కడ విప్పను. ఆ తర్వాత కొన్నాళ్ళుగా లూథరన్ గుళ్ళో వెనక బెంచీ మీద కూర్చుని చూసిన సంగతులు చెబుతా, తీరిగ్గా వినండి.

మాది బాప్టిస్టు ఇల్లు, ఒంగోలు మిషన్ వాళ్ళం. 1876లో మొదలైన ఆ మహా కరువులో మా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. వాళ్ళొచ్చి బాప్తిస్మం అడిగితే, తిండి కోసం అడుగుతున్నారేమోనని నెలల తరబడి ఆపాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్ళలోకి దిగారు. ఆ 2,222లో మా తాతగారి తాత ఉన్నాడని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఒంగోలు నుంచి పల్నాడు దాకా ఏ బాప్టిస్టు ఇంట్లో అడిగినా వాళ్ళ తాతా అందులోనే ఉంటాడు. అందరి తాతల్నీ లెక్కేస్తే గుండ్లకమ్మ చాలదు, కృష్ణ కూడా కావాల్సొస్తుంది.

అలాంటి ఇంట్లో పుట్టి లూథరన్ గుడికి వెళ్తున్నానంటే మా పెద్దమ్మ ఊరుకుంటుందా? "నిలువునా మునిగినవాడివి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లించుకునేవాళ్ళ దగ్గరికి పోతావట్రా?" అంది. పెద్దమ్మ వేదాంతం చదువుకోలేదు గానీ, రెండు సంఘాల మధ్య ఉన్న అసలు తగాదాని ఒక్క మాటలో చెప్పేసింది. మా లెక్కలో బాప్తిస్మమంటే ఊహ తెలిసినవాడు తనంతట తాను నమ్మి, నలుగురి ముందూ సాక్ష్యం చెప్పి, నీళ్ళలో మునగడం. లూథరన్ల లెక్కలో అది దేవుడు చేసే పని. అందుకని పసిబిడ్డకీ ఇస్తారు. ఆ సంఘానికి పేరొచ్చిన లూథరునే చూడండి, 1483 నవంబరు 10న పుట్టాడు, మర్నాడే బాప్తిస్మం. అది సెయింట్ మార్టిన్ పండుగ రోజు కాబట్టి మార్టిన్ అని పేరు పెట్టారు. పెద్దయ్యాక అనుమానాలు కమ్ముకున్నప్పుడల్లా ఆయన తాను బాప్తిస్మం పొందినవాణ్ణన్న సంగతినే పట్టుకుని నిలబడేవాడట. తనకి గుర్తయినా లేని సంగతి అది!

మొదట్లో నాకూ మింగుడుపడలేదు. ఒక ఆదివారం పసిపాపకి బాప్తిస్మం ఇచ్చారు. పాస్టరుగారు మూడుసార్లు నీళ్ళు పోసినా ఆ పిల్ల నిద్ర లేవలేదు. పెద్దవాళ్ళు పిల్ల తరఫున మాటిచ్చారు, సంఘమంతా లేచి నిలబడి మేమూ చూసుకుంటామంది. మా కుర్రతనంలోని సాక్ష్యాలు గుర్తొచ్చాయి. "నేను ఘోరపాపిని" అని మొదలుపెట్టి, చెప్పడానికి సరుకు లేక, మామిడికాయల దొంగతనాన్ని మహాపాతకంగా సాగదీసేవాళ్ళం. మారుమనస్సు పొందిన తేదీ చెప్పమంటే కొందరు పదో తరగతి పరీక్షల తేదీ చెప్పేవాళ్ళు. నవ్వులాటకి అంటున్నా గానీ, ఆ సాక్ష్యాల్లో నిజమైనవీ ఉన్నాయి, వాటి మీద బతుకంతా నిలబడ్డవాళ్ళూ నాకు తెలుసు. ఆ పాప నిద్రని చూశాక మాత్రం పెద్దమ్మ ప్రశ్నలోని ఉక్రోషం నాలో తగ్గింది.

మళ్ళీ బాప్తిస్మం తీసుకోమంటారేమోనని బెంగపడి పాస్టరుగారినే అడిగా. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోనే కదా ఇచ్చారు?" అన్నారు. అవునన్నా. "అయితే అయిపోయిందిగా" అన్నారు. మునిగినా పోయించుకున్నా ఆయనకి ఒకటే. అదే ఒక లూథరన్ మా వైపు రావాలంటే, చిన్నప్పటిది లెక్కలోకి రాదు, మళ్ళీ నీళ్ళలోకి దిగాల్సిందే. ఈ ఒక్క విషయంలో లూథరన్లదే పెద్ద మనసని నా తీర్పు. పెద్దమ్మకి చెప్పకండి.

ఆరాధన సంగతికొద్దాం. కొత్తవాడు చిక్కుపడేది అక్కడే. గంట కొడతారు, గాయకబృందం వస్తుంది, తెల్ల అంగీ వేసుకుని పాస్టరుగారు వస్తారు. ఇక అక్కణ్ణుంచి లేవడం, కూర్చోవడం, మోకాళ్ళూనడం. అన్నీ ఆరాధన క్రమం పుస్తకం ప్రకారమే. పాస్టరు ఒక మాటంటే జనం బదులు చెబుతారు. పక్క బెంచీ పెద్దాయన పుస్తకం తెరవకుండానే అన్నీ అప్పజెబుతుంటే, నేను పేజీలు తిరగేస్తూ వెనకబడేవాణ్ణి. ఆయనే వేలుపెట్టి చూపించేవాడు.

మావాళ్ళు దీన్ని చచ్చిన భక్తి అంటారు. చూసి చదివేది ప్రార్థనెలా అవుతుందని. అడగాల్సిన మాటే. పెదవులు కదులుతూ కళ్ళు గడియారం మీదుండే మనుషుల్ని ఆ గుళ్ళోనూ చూశా. కాకపోతే మనసు బాగోని రోజులుంటాయి చూడండీ, ఇంట్లో జబ్బు, జేబులో అప్పు, నోట ఒక్క మాట రాని రోజు. అలాంటి రోజున "సహోదరుడా, ప్రార్థన చెయ్యి" అని మైకు చేతికిస్తే ఎంత నరకమో అనుభవించినవాడికి తెలుస్తుంది. అటువంటి ఆదివారమే లూథరన్ గుళ్ళో కూర్చున్నా. నా మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. చెయ్యెత్తమనలేదు, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టమనలేదు. మాటలు పుస్తకంలో సిద్ధంగా ఉన్నాయి, నాకు ముందు తరాలవాళ్ళు పలికినవి. నేనూ వాళ్ళతో గొంతు కలిపా.

అన్నిటికంటే నన్ను ఆపేసింది మొదట్లోనే వచ్చే పాపపు ఒప్పుకోలు. అందరూ కలిసి ఒప్పుకుంటారు. ఆ తర్వాత పాస్టరు లేచి, క్రీస్తు ఆజ్ఞ మీద మీ పాపాలు క్షమించబడ్డాయని ప్రకటిస్తాడు. బాప్టిస్టు చెవికి ఇది చురుక్కుమంటుంది. ఆ అధికారం ఈయనకెవరిచ్చారు? ఇదే మాట పాస్టరుగారి దగ్గర ఎత్తితే ఆయన నొచ్చుకోలేదు. "నాదేమీ లేదండీ, నేను చదివి వినిపించేవాణ్ణి. నువ్వు క్షమించబడ్డావని నీకు నువ్వు చెప్పుకుంటే ఎంతసేపు నమ్ముతావు? బయటినుంచి ఇంకొకరి నోట వినాలి" అన్నారు. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించా. మా దగ్గర క్షమాపణ దొరికిందో లేదో తేల్చుకునే చోటు మన గుండె. కన్నీళ్ళొస్తే దొరికినట్టు, రాకపోతే ఇంకా ఏదో అడ్డం ఉన్నట్టు. నా గుండె సంగతి నాకు తెలుసు, సోమవారానికి మాట మార్చేస్తుంది. పాస్టరుగారి ప్రకటన మారదు, పోయినవారం ఎలా ఉందో ఈవారమూ అంతే. లూథరన్ గుళ్ళో నాకు దొరికింది ఏమిటంటే ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ప్రసంగానికి పాఠం కూడా పాస్టరు ఇష్టం కాదు. సంవత్సరమంతా పంచాంగం ఉంది. ఆగమన కాలం, శ్రమల కాలం, మట్టల ఆదివారం, ఆరోహణం, పెంతెకొస్తు. బలిపీఠం మీది గుడ్డ రంగు కూడా దాన్నిబట్టే మారుతుంది. శ్రమల కాలానికి ఊదా, ఈస్టరుకి తెలుపు, పెంతెకొస్తుకి ఎరుపు. ఏ ఆదివారం ఏ వాక్యమో ముందే ఖాయం. పోయినవారం కమిటీలో ఎదురు మాట్లాడినవాడి మీదికి ఈవారం యూదా ఇస్కరియోతు ప్రసంగం వదలడం కుదరదన్నమాట. పూర్తిగా కుదరదని కాదు లెండి. తలుచుకుంటే ఏ వాక్యంలోనైనా కమిటీని దూర్చగల నేర్పరులు ఏ సంఘంలోనైనా ఉంటారు.

పాటల దగ్గర మాత్రం నేను పరాయివాణ్ణి కాలేదు. అదే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, పాట నెత్తిన అవే రాగం, తాళం. బాప్టిస్టు, లూథరన్, సీఎస్‌ఐ, ఎవరి గుడికి వెళ్ళినా చేతిలో ఇదే. కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి పాటల్ని లూథరన్ పెద్దాయన కళ్ళు మూసుకుని పాడతాడు. లూథరు కట్టిన కోట పాట తెలుగులో మేమూ చిన్నప్పట్నుంచీ పాడుకున్నాం, ఆయనెవరో తెలియకుండానే. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి సీఎస్‌ఐ అయినప్పుడు మన బాప్టిస్టులూ లూథరన్లూ బయటే ఉండిపోయారు. కలవనివాళ్ళని కూడా ఆ పుస్తకం కలిపి పాడిస్తోంది.

లూథరన్లకీ ఒక గుండ్లకమ్మ ఉంది. వాళ్ళ కథ ఫాదర్ హయ్యర్‌తో మొదలు. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళిన ఆయన, 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. ఆరోగ్యం చెడి వెనక్కి వెళ్ళినవాడు ఊరికే కూర్చోకుండా బాల్టిమోర్‌లో వైద్యం చదివి మళ్ళీ వచ్చాడు, గురజాల దాకా వెళ్ళాడు. మూడోసారి 1869లో వచ్చేటప్పటికి డెబ్భై ఆరేళ్ళు! రాజమండ్రి మిషన్ వేరేవాళ్ళ చేతికి పోతోందని తెలిసి, నేను వెళ్తానని లేచాడు. మన ఇళ్ళల్లో ఆ వయసువాళ్ళని పక్కూరి పెళ్ళికి కూడా పంపం. ఆ తర్వాత 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివాళ్ళెవరు? 1885లో మొదలైన కళాశాలే ఏసీ కాలేజీ అయింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, అదే ఏఈఎల్‌సీ, ఏర్పడింది.

ఇంత చెప్పి కులం మాట ఎత్తకపోతే మీరే నన్ను అనుమానిస్తారు. క్లౌ దొర ఉద్యమం 1866లో ఎర్రగుంట్ల పేరయ్యతో, మాదిగపల్లెల్లోంచి లేచింది. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. అందువల్ల మన దగ్గర ఒకడు బాప్టిస్టు నుంచి లూథరన్‌కి మారాడంటే, చాలామంది వినేది సిద్ధాంతం కాదు, వేరే లెక్క. "అక్కడ సంబంధం చూసుకున్నావా?" అని నన్ను మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. వెనక బెంచీలో మా ఇంటిపేరు విని ఒక్క క్షణం ఆగి, తర్వాత నవ్వినవాళ్ళూ ఉన్నారు. వినుకొండలో పుట్టిన జాషువా గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో కొన్నేళ్ళు పనిచేశాడు. గబ్బిలం రాసిన మనిషి తిరిగిన ఆవరణల్లో ఈ ఆరా ఇంకా బతికుండటం సిగ్గుచేటు. ఇందులో మా బాప్టిస్టులు ఏం తక్కువ తినలేదు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. మా పాత సంఘంలో ఎవరికైనా జ్వరమొస్తే సాయంత్రానికి నలుగురు ఇంటికొచ్చి మంచం చుట్టూ మోకాళ్ళూని ప్రార్థన చేసేవాళ్ళు. పుస్తకం లేదు, క్రమం లేదు, వంటింటి మాటల్లో దేవుడితో మాట్లాడేవాళ్ళు. ఇక్కడ స్త్రీల సమాజం వాళ్ళు పరామర్శకి వస్తారు గానీ ఆ చొరవ రాలేదింకా, నేను కొత్త కావడం వల్ల కావచ్చు. ప్రసంగాలు మావే బాగుంటాయి. ఈ మాట పక్క బెంచీ పెద్దాయనతోనే అన్నా, ఆయన కాదనలేదు. సభ్యత్వం ఇంకా రాయించుకోలేదు. అడిగితే లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఇచ్చి చదవమన్నారు. 1529 నాటిది. సాక్సనీ పల్లెల్లో సంఘాలు చూడబోయి, జనానికే కాదు బోధకులకీ ఏమీ తెలియదని మండిపడి రాశాడట. ముందుమాటలో ఆ చిరాకు దాచుకోలేదు కూడా. చిన్న పుస్తకమే, రెండు పూటల్లో అయిపోతుంది.

మీలో ఎవరైనా ఇలా ఒకచోటు వదిలేసి, ఎటూ పోలేక ఆదివారం ఇంట్లో కూర్చుంటుంటే, నా మాట విని ఒకసారి లూథరన్ గుడికి వెళ్ళిరండి. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ మాత్రం వద్దు, ఆ రోజుల్లో ఏ చర్చైనా బాగానే ఉంటుంది. ఏ పండుగా లేని మామూలు ఆదివారం వెళ్ళండి. పేజీ దొరక్కపోతే పక్కవాళ్ళని అడగండి, చూపిస్తారు. ప్రభు భోజనం ఉన్న ఆదివారమైతే ముందురోజే పాస్టరుగారిని కలిసి, మీరెవరో ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పి, బల్ల దగ్గరికి రావచ్చా అని అడగండి. వదిలొచ్చిన సంఘాన్ని మాత్రం ఆయన దగ్గర తిట్టకండి.