తుప్పు మీద రంగు

మొన్న సంక్రాంతికి అమ్మ దగ్గరకి వెళ్ళినప్పుడు ఒకటే మాట అంది. "ఆ కారు తియ్యండి, లేకపోతే బాగు చెయ్యండి. రోజూ దాన్ని అలా చూడలేకపోతున్నాను."

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం దగ్గర. వంశధార సముద్రంలో కలిసే చోటు. గాలి చల్లగానే ఉంటుంది గానీ ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. కిటికీ ఊచలు, గేటు, సైకిలు, ఏదైనా మా ఊళ్ళో తొందరగా తుప్పు పట్టేస్తుంది. పెరట్లో ఉన్న నాన్న అంబాసిడర్ సంగతి వేరే చెప్పాలా? 1983 నాటి మార్క్ ఫోర్, మీగడ రంగు. నాన్న సెకండ్ హ్యాండులో కొన్నారు. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో ఈ కార్లు చెయ్యడం 2014లో ఆపేశారని పేపర్లో చదివి, "ఇంక మనది పురాతన వస్తువే" అని మురిసిపోయారు కూడా. 2018లో తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు ఎగిరిపోతే పైన టార్పాలిన్ కప్పాం. అదే తప్పట. లోపల చెమ్మ ఆరక తుప్పు ఇంకా పెరిగింది.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. తమ్ముడికీ నాకూ సరిగ్గా మాటలు లేనిది కూడా నాలుగేళ్ళే. పదకొండో రోజున చుట్టాలందరి ముందూ, "నాన్న మంచంలో ఉన్నప్పుడు రాలేదు, ఇప్పుడు కారు కోసం వచ్చావా?" అన్నాను. వాడు మాట్లాడలేదు. భోజనం చెయ్యకుండా వైజాగ్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పండగలకి వాట్సాప్‌లో దండాలు, పిల్లల పుట్టినరోజులకి శుభాకాంక్షలు. పైకి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉండేది.

ఈసారి వాడు కూడా పండక్కి వచ్చాడు. కనుమ మర్నాడు అమ్మ ఒక మేస్త్రిని పిలిపించింది. సాలూరులో లారీ బాడీల పనిలో పెరిగిన మనిషి. స్క్రూడ్రైవర్ పిడితో కారు చుట్టూ కొట్టుకుంటూ వెళ్ళాడు. ఠంగుమన్న చోట రేకు గట్టిగా ఉన్నట్టు, డబ్బుమన్న చోట లోపల తినేసినట్టు. "బానెట్టు, డోర్లు, పైకప్పు పైతుప్పేనమ్మా. కాళ్ళ దగ్గర రెండుచోట్ల మాత్రం రేకు కోసి వెల్డింగు చెయ్యాలి" అన్నాడు. "ఊరికే రంగు వేసేస్తే?" అని అడిగాను. "ఏటమ్మా, తుప్పు మీద రంగేస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే. లోపల హాయిగా తింటాది" అన్నాడు.

వెల్డింగు, రంగు తను చేస్తానన్నాడు. గోకే పని మీరే చేసుకుంటే కూలీ కలిసొస్తుందన్నాడు. అమ్మ మా ఇద్దరి వంకా చూసింది. తప్పలేదు.

ముందు సబ్బునీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండకి వదిలేశాం. బంపర్లు, లైట్లు, మెరిసే పట్టీలు విప్పి, అద్దాలకి పాత పేపర్లు అంటించాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చట. అందుకని ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాం, పిల్లల్ని అటు రానివ్వలేదు. వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120, ఆఖర్న 220. ఎర్రమరక పోయి రేకు తెల్లగా కనపడాలి. పాత రంగు అంచు మీద వేలు పెడితే మెట్టులా తగలకూడదు, జారిపోవాలి. నిజానికి తుప్పు కంటే ఆ అంచు దగ్గరే చేతులు పడిపోయాయి.

మొదటిరోజు సాయంత్రానికి బానెట్టు అద్దంలా చేసి, ప్రైమర్ రేపు వేద్దాంలే అని పడుకున్నాం. పొద్దున్న చూద్దుం కదా, అంతా నారింజ రంగు పొర! తోమిన అట్ల పెనం నూనె రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలియదా? అయినా తట్టలేదు. మళ్ళీ గోకాం. అప్పటి నుంచి ఏ ముక్క గోకితే ఆ ముక్కని థిన్నర్ గుడ్డతో తుడిచి, చెయ్యి తగలకుండా, ఆ పూటే ప్రైమర్ వేయించాం. చేతి చెమటలో కూడా ఉప్పే కదా.

కాగితం దూరని సందుల్లో మేస్త్రి ఒక మందు రాశాడు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుందట. ఎర్రతుప్పు చూస్తుండగానే నల్లబడింది. చేతులకి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

మూడో రోజు వెనక డోరు గోకుతుంటే పైరంగు కింద ప్రైమర్ లేదు. రంగు, దాని కిందే తుప్పు. "ఇలా ఎవరు వేశారో!" అన్నాను. తమ్ముడు తలెత్తకుండానే చెప్పాడు. "నీ పెళ్ళికి నాన్న వేయించినదే అప్పా. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. గోకి వెయ్యడానికి ఇంకో నాలుగు రోజులు, ఇంకొంత డబ్బు అన్నాడు పెయింటరు. వంటవాళ్ళకి ఇవ్వాలి, పైన పూసెయ్ చాలు అన్నారు నాన్న. మర్నాడు నువ్వు ఈ డోరు తీసుకునే ఎక్కావు."

చాలాసేపు ఇద్దరం గోకుతూనే ఉన్నాం. తర్వాత అడిగాను, "నాన్న బాగోలేనప్పుడు ఎందుకు రాలేదురా?"

"నాన్నే రావద్దన్నారు. కొత్త ఉద్యోగం, సెలవు పెట్టకు, అప్ప ఉంది కదా, నాకేం భయం లేదు అన్నారు. నమ్మాను. రావలసింది."

అప్ప ఉంది కదా. ఆ మాట నాన్న నాతో ఎప్పుడూ అనలేదు. ఆయన్ని ఆసుపత్రులకి తిప్పిన నెలలన్నీ, అంతా నా నెత్తినే పడిందని లోపల సణుక్కుంటూనే తిప్పాను. "ఆ రోజు అందరి ముందూ నేను అలా అనకూడదురా" అన్నాను. వాడు మాస్కు సరిచేసుకుని, "120 కాగితం ఇలా ఇయ్యప్పా" అన్నాడు.

ఆ సాయంత్రం పకోడీలు వేశాను. వాడు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నాలుగేళ్ళలో నన్ను వాడు ఏదైనా అడగడం అదే మొదలు.

రథసప్తమికి కారు సిద్ధం కాలేదు. అమ్మని బస్సులోనే అరసవల్లి తీసుకెళ్ళాం. ఆ తర్వాత పుట్టీ పెట్టి, 400 నంబరు కాగితంతో నీళ్ళు పోసి రుద్ది, మళ్ళీ అదే మీగడ రంగు వేయించాం. వెల్డింగు ఖర్చు చూసి మా ఆయన నోరు తెరిచారు గానీ, ఏమీ అనలేదు.

మొన్న మామిడికాయల రోజుల్లో మొదటి పెద్దవాన పడింది. అప్పుడు వాడు అమ్మ దగ్గరే ఉన్నాడు. వెనక డోరు ఫోటో తీసి పంపాడు. రంగు మీద నీటి చుక్కలు ముత్యాల్లా నిలబడ్డాయి. కింద రాశాడు: "ఎక్కడా బుడగ లేదప్పా." నేను విజయనగరంలో వంటింట్లో, అట్ల పెనం తోముతూ చూశాను. పెనం తుడిచి, వెంటనే నూనె రాశాను.